ఈతబట్టకు కొలతలు

ఈతపోటీలో వేసుకునే బట్ట మీద ఆంక్షలు కొత్తవి కావు. మొదట్లో అవన్నీ సిగ్గుకు సంబంధించినవి. ఇప్పటివి తేలడానికి సంబంధించినవి. ఈ మార్పు రావడానికి సుమారు వందేళ్లు పట్టింది. పత్రికల్లో ఇది ఒలింపిక్ వీరుల కథగానే వచ్చింది. నాకు మాత్రం ఉద్యోగాలు, సంసారాలు చేసుకుంటూ పొద్దున్నే కొలనుకు వెళ్లే నడివయసువాళ్ల సంగతే ఎక్కువ ఆలోచించవలసిందిగా తోచింది.

1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్లకు ఈతపోటీలు పెట్టారు. వంద మీటర్లలో ఆస్ట్రేలియాకు చెందిన ఫానీ డ్యురాక్ గెలిచింది. ఆమె అక్కడిదాకా వెళ్లడమే గగనమైంది. మగవాళ్లు చూస్తుండగా ఆడవాళ్లు పోటీలో ఈదరాదని ఆమె రాష్ట్రంలోని మహిళా ఈత సంఘమే నియమం పెట్టుకుంది. జనం గోలచేశాక దాన్ని సడలించారు. ఇరవై ఏళ్ల తర్వాత, 1932 లాస్ ఏంజెలెస్‌లో, అదే దేశపు క్లేర్ డెనిస్ మీద ఫిర్యాదు వచ్చింది: వీపు మీద బట్ట తక్కువైందట, రెక్క ఎముకలు కనిపిస్తున్నాయట. ఫిర్యాదు నిలవలేదు. పదహారేళ్ల ఆ పిల్ల 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో బంగారు పతకం గెలుచుకుంది. ఆమె వేసుకున్నది స్పీడో కంపెనీ బట్ట. ఈ పేరు మళ్లీ వస్తుంది.

1973లో బెల్‌గ్రేడ్‌లో జరిగిన మొదటి ప్రపంచ పోటీల్లో తూర్పు జర్మనీ ఆడపిల్లలు ఒంటికి అతుక్కుపోయే పలచని బట్టలతో దిగి, 14 పోటీల్లో 10 గెలిచారు. మహిమ అంతా బట్టదే అనుకుని మిగతా దేశాలూ అటువంటివే కుట్టించుకున్నాయి. ఆ దేశ ప్రభుత్వమే క్రీడాకారులకు మందులిప్పించేదని లోకానికి రుజువులతో తెలిసింది బెర్లిన్ గోడ కూలాకనే. బట్టను చూస్తూ అసలు సంగతి చూడకపోవడం అప్పటినుంచే ఉంది.

అసలు గొడవ 2008 ఫిబ్రవరిలో మొదలయింది. స్పీడో వాళ్లు లేజర్ రేసర్ అనే సూటు తెచ్చారు. బట్టలను పరీక్షించడానికి అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వారి గాలిసొరంగాన్ని వాడుకున్నారు. కుట్లు లేవు, అతుకులన్నీ ధ్వనితరంగాలతో కరిగించి అంటించినవే. పైన పాలియూరితేన్ పలకలు. ఖరీదు సుమారు 550 డాలర్లు, అప్పటి లెక్కన ఇరవై వేల రూపాయల పైమాటే. తొడుక్కోవడానికి ఇరవై నిమిషాలు, వెనక జిప్పు లాగడానికి ఇంకొక మనిషి. కొన్నిసార్లు వేసుకుంటే చిరుగు పట్టేది. ఆ ఆగస్టులో బీజింగ్‌లో 25 ప్రపంచ రికార్డులు బద్దలైతే, 23 ఈ సూటులోనివే.

ఇది పనిచేసే తీరు చెప్పాలంటే మా హోసూరు వైపు బావుల సంగతి చెప్పాలి. మా చిన్నప్పుడు ఈత నేర్పేటప్పుడు నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి దింపేవారు. బుర్ర మనిషిని పైకి ఎత్తిపట్టేది, కాళ్లూ చేతులూ ఆడించడమే మన పని. పాలియూరితేన్ సూటు ఆ సొరకాయనే పలచగా సాగదీసి ఒంటినిండా పరిచినట్లుంటుంది. నీటిని పీల్చదు, గాలిని పోనివ్వదు. ఒంటికీ బట్టకూ మధ్య చిక్కిన గాలి దేహాన్ని పైకి తేలుస్తుంది. నీటి సాంద్రత గాలికంటే దాదాపు ఎనిమిది వందల రెట్లు. కాబట్టి ఒళ్లు వేలెడంత పైకి లేచినా నీటి అడ్డు తగ్గుతుంది. దానికితోడు వదులైన కండను బిగించి పడుతుంది. ఉక్కులాంటి ఒళ్లున్న ఇరవై ఏళ్లవాడికి ఈ బిగింపుతో కొద్దిపాటి లాభమే. పొట్ట వచ్చినవాడికి లాభం ఎక్కువని వేరే చెప్పనక్కరలేదు. పెద్దల పోటీల్లో చిక్కు ఇక్కడే ఉంది. ఆ మాట తర్వాత.

స్పీడోను చూసి ఇటలీ వాళ్ల జేకెడ్, అరీనా కంపెనీలు ఇంకా గట్టి సరుకు దింపాయి. అంతర్జాతీయ ఈత సమాఖ్య ఫినా (2023 నుంచి దీని పేరు వరల్డ్ ఆక్వాటిక్స్) 2009 మేలో 348 సూట్లను పరిశీలించి 202కు అనుమతి ఇచ్చింది, 10 తోసిపుచ్చింది, 136 సరిచేసి తెమ్మంది. నెల తిరిగేసరికి ఆ పట్టు సడలి, వివాదపడిన సూట్లూ లోపలికి వచ్చేశాయి. జులై 24న రోమ్‌లో సమాఖ్య మహాసభ పాలియూరితేన్‌ను నిషేధించాలని 168–6 ఓట్లతో తీర్మానించింది. కాని అమలు మాత్రం 2010 జనవరి 1 నుంచి. రెండు రోజుల్లో అదే ఊళ్లో ప్రపంచ పోటీల్లో ఈత మొదలయింది. తప్పని తేల్చిన సూట్లతోనే అందరూ దిగారు. ఎనిమిది రోజుల్లో 43 ప్రపంచ రికార్డులు!

జర్మనీ వాడైన పాల్ బీడర్మన్ 200 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 1 నిమిషం 42.00 సెకన్లలో ఈది మైకేల్ ఫెల్ప్స్‌ను ఓడించాడు. సూటు సాయం ఉందని ఆయనే దాచకుండా ఒప్పుకున్నాడు. 2011లో షాంఘైలో, మామూలు నేతబట్టలో, అదే దూరానికి అదే మనిషికి 1 నిమిషం 44.88 సెకన్లు పట్టింది. మూడో స్థానం. ఈ రెండు అంకెల తేడా చాలు. దీనిమీద ఎన్ని పేజీలు రాసినా ఇంతకంటే చెప్పలేం.

కొత్త నియమం ఇది: నేతబట్టే వాడాలి. మగవాళ్లకు నడుము నుంచి మోకాలి దాకా, ఆడవాళ్లకు భుజం నుంచి మోకాలి దాకా. జిప్పులు లేవు. మందం 0.8 మిల్లీమీటరు మించరాదు. తేల్చే బలం 0.5 న్యూటన్ మించరాదు, అంటే యాభై గ్రాముల బరువు మోసేంత. చదరపు మీటరు బట్టలోంచి సెకనుకు 80 లీటర్లకు పైగా గాలి పోవాలి. సొరకాయకు తూకం కట్టారన్నమాట.

ఇక పెద్దల సంగతి. మాస్టర్స్ ఈత అని పిలిచే ఈ పోటీలకు రాన్‌సమ్ ఆర్థర్ అనే అమెరికా నౌకాదళ వైద్యుడు ఆద్యుడు. వయసు మళ్లినవాళ్లకు పోటీ అనే ఆశ ఉంటే వ్యాయామం మానరని ఆయన నమ్మకం. మొదటి జాతీయ పోటీ 1970లో టెక్సాస్‌లోని అమరిల్లోలో జరిగింది. వచ్చింది యాభైమంది లోపే. 1986లో టోక్యోలో ప్రపంచ పోటీలు వచ్చాయి. ఇరవై అయిదేళ్లు నిండినవాళ్లు అర్హులు. అయిదేళ్లకొక తరగతి, నూరు దాటినవాళ్లకు కూడా! 2015లో జపాన్‌కు చెందిన మియెకో నగావోకా నూరేళ్ల వయసులో 1500 మీటర్లు గంటా పదిహేను నిమిషాల 54 సెకన్లలో ఈదింది. మోకాలినొప్పికి మందుగా ఎనభై దాటాక పట్టుకున్న ఈత అది.

ఫినా నిషేధం వీళ్లకు వెంటనే వర్తించలేదు. 2010 మధ్యకుగాని రాలేదు. ఆ నడుమ నెలల్లో పెద్దల మధ్య వాదం గట్టిగానే సాగింది. డబ్బు బహుమతులు లేవు, పతకంతో ఉద్యోగాలు రావు, ముసలివాడు ఒక బిగువు సూటు తొడుక్కుని సంతోషిస్తే ఎవరి సొమ్ము పోయింది? ఇది ఒక పక్షం. కొనగలిగినవాడికే రికార్డా అన్నది రెండోది. రెండో పక్షం న్యాయమైనదే గాని, నాకు ఇంకొక సంగతి ముఖ్యంగా కనిపిస్తుంది.

ఒలింపిక్ ఈతగాడు పక్కవాడితో పోటీపడతాడు. అరవై ఏళ్లవాడి పోటీ నిరుటి తనతోనే. ఏటా ఒక్కొక్క సెకను జారిపోతూ ఉంటుంది. దాన్ని ఎంత నెమ్మదిగా జారనిస్తాడన్నదే అతని గెలుపు. బ్యాంకులో ఆస్తి అప్పుల పట్టికలు చూసి చూసి నా ఆలోచన ఇలా పోతుందేమో! కంపెనీవాళ్లు తరుగుదల కట్టే పద్ధతి మారిస్తే ఆ ఏడు లాభం ఎక్కువ కనిపిస్తుంది. అది దొంగలెక్క కానక్కరలేదు, కాని పద్ధతి మారిందని అడుగున రాయాలి, ఆ మార్పువల్ల వచ్చిన అంకె ఎంతో చూపాలి. రాయకపోతే నిరుటితో పోల్చడానికి వీల్లేదు. సూటు వేసుకుని మూడు సెకన్లు తగ్గించుకున్న పెద్దమనిషి దేహం బాగుపడిందో, తరుగుదల లెక్క మారిందో తనకే తెలియదు. అందుకే నిషేధం పెద్దల విషయంలోనే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

ఒక చిక్కు మిగిలింది. మగవాళ్లకు నడుముపై బట్ట కూడదన్న నియమం వేగం కోసం పుట్టింది. ఆపరేషన్ మచ్చలు దాచుకోవాలనుకునే మనిషికీ, ఒళ్లంతా కప్పుకుంటేగాని నీళ్లలో దిగనివాళ్లకూ అది అడ్డే. అమెరికా మాస్టర్స్ సంస్థ మతవిశ్వాసం, వైద్యకారణం ఉన్నవాళ్లకు మినహాయింపు పెట్టింది. సిగ్గు మళ్లీ నియమాల్లోకి వచ్చింది, ఈసారి సడలింపుగా.

పాత రికార్డులను ఫినా కొట్టివేయలేదు, వాటి పక్కన గుర్తూ పెట్టలేదు. వంద మీటర్ల ఫ్రీస్టైల్‌లో రోమ్‌లో బ్రెజిల్ వాడు సీజర్ సీలో పెట్టిన 46.91 సెకన్లను 2022 ఆగస్టులో అదే కొలనులో రుమేనియా కుర్రాడు డేవిడ్ పొపోవిచ్ 46.86కు తెచ్చాడు. పదమూడేళ్లు పట్టింది. 400 మీటర్లలో బీడర్మన్ అంకె 2025 ఏప్రిల్ దాకా నిలిచింది. వాళ్లవి పాతికేళ్ల లోపు దేహాలు, వెనక శిక్షకులు, వైద్యులు. అరవై అయిదో ఏట కొత్త తరగతిలోకి అడుగుపెట్టే మనిషి పాత రికార్డు అంకె చూసి, పక్కన 2009 అని ఉంటే, అది ఏ బట్టలోదో తానే ఊహించుకోవాలి.