తాతగారి ఉత్తరంలో తప్పులున్నాయా?



ఏలూరు ప్రాంతంలో నేను ప్రభుత్వ వైద్యుడిగా చేరిన తొలి రోజుల్లో, పెదవేగి వైపు పల్లె నుండి ఒక యువకుడు తన తాతగారిని వెంటబెట్టుకొని వచ్చాడు. "డాక్టరుగారూ, తాతయ్యకు మతి తప్పుతున్నట్టుంది. చూడండి, అన్నీ అక్షరదోషాలే" అంటూ ఒక పోస్టుకార్డు నా చేతికిచ్చాడు. అందులో 'చెరువు' అనే మాట 'చెఱువు' అని ఉంది. 'వాడు' అన్నచోట 'వాఁడు' అని ఉంది. మూఁడు, తోఁట, గుఱ్ఱము, అన్నీ అదే తీరు. దస్తూరి ముత్యాలకోవ. నిజానికి దోషం ఒక్కటీ లేదు. ఆ పెద్దాయన తన చిన్ననాటి బడిలో నేర్చిన తెలుగు రాశారు. మనవడు తన బడిలో నేర్చిన తెలుగుతో దానిని దిద్దాడు.

వయసు మీరిన వారి రాతలో తప్పులు వెదికే ముందు, భాషలో వచ్చిన మార్పు ఏది, మనిషిలో వచ్చిన మార్పు ఏది అని విడదీసి చూడాలి. ఆ విచక్షణకు మన ప్రాంత చరిత్రే మంచి ఆధారం.

నేటి పెదవేగియే నాటి వేంగీపురం. శాలంకాయనులకు, అటుపిమ్మట తూర్పు చాళుక్యులకు రాజధాని. శాలంకాయన దేవవర్మ వేయించిన ఏలూరు తామ్రశాసనం ప్రాకృతంలో ఉంటే, అదే వంశానికి చెందిన నందివర్మ పెదవేగి శాసనం సంస్కృతంలో ఉంది. కొద్ది తరాలలోనే రాజుగారి లేఖకుల భాష మారిపోయింది. తరువాత శాసనాలలోకి తెలుగు వచ్చింది. తొలినాటి తెలుగులో 'ఴ' అనే అక్షరం ఉండేది. తమిళ, మలయాళ భాషలలో ఆ ధ్వని నేటికీ ఉంది. మనకు మాత్రం నన్నయ కాలానికే అది మరుగై, చాలా మాటలలో 'డ'గా మారింది. 'చోఴ' అన్న వంశనామం మన నోట 'చోడ' అయింది ఆ విధంగానే. ఒక అక్షరం పోయింది గాని, ఎవరి మతీ పోలేదు.

ఇటువంటి మార్పే మన తాతల కాలంలోనూ జరిగింది. ఏలూరు మీదుగా పోయి కొల్లేటిలో కలిసే తమ్మిలేరును తలచుకోండి. ప్రవాహమనే అర్థంలో పూర్వులు 'ఏఱు' అని బండి ఱతో రాసేవారు. బియ్యంలో రాళ్లు 'ఏరు' అన్నప్పుడు మామూలు రకారం. సంఖ్య చెప్పేటప్పుడు 'ఏడు', సంవత్సరం చెప్పేటప్పుడు 'ఏఁడు'. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం, 1885 నాటి శబ్దరత్నాకరం ఈ భేదాలను శ్రద్ధగా పాటించాయి. పిదప గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) వ్యావహారిక భాష కోసం పోరాడారు. ఇరవయ్యవ శతాబ్దంలో వాడుక భాష పుస్తకాలలోకి వచ్చిన కొద్దీ అరసున్న, బండి ఱ క్రమంగా తప్పుకున్నాయి. ఆ శతాబ్దారంభంలో అక్షరాభ్యాసం చేసినవారు కష్టపడి నేర్చిన వర్ణక్రమం, వారు ముసలివారయ్యేనాటికి మనవల కంట తప్పైంది. 'మరపు' అన్న మాటను కూడా వారు 'మఱపు' అనే నేర్చుకున్నారు!

ఇక మనిషిలో వచ్చే మార్పు సంగతి. ఆరోగ్యవంతులకు వయసుతో పదసంపద తరగదు. తప్పుగా రాసిన మాటను చూసి పోల్చుకునే శక్తి కూడా చాలావరకు నిలుస్తుంది. అయితే అరుదుగా వాడే మాటను సొంతంగా రాయబోయినప్పుడు శకారమా షకారమా, వత్తు ఉందా లేదా అని కలం ఒక క్షణం ఆగుతుంది. కాసేపటికి గుర్తుకు వస్తుంది. ఇది వ్యాధి కాదు.

రాత చెడడం వ్యాధి లక్షణం కాగలదని వైద్యలోకం గ్రహించి నూరేళ్లు దాటింది. 1891లో ఫ్రాన్సు వైద్యుడు డెజెరీన్, మెదడు ఎడమ పక్కన ఒక నిర్దిష్ట భాగం దెబ్బతిన్నప్పుడు చదవడం, రాయడం రెండూ పోతాయని వివరించాడు. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో ఆలోయిస్ అల్జైమర్ ఒక రోగి చేత ఆమె పేరు రాయించాడు. ఆమె మొదటి మాట రాసి, మిగిలినది మరచిపోయింది. నేడు ఆయన పేరుతో పిలుస్తున్న వ్యాధికి తొలి ఆధారాలలో ఆ కాగితం కూడా ఒకటి.

నా వద్దకు వచ్చిన మరొకరి కథ దీనికి విరుద్ధం. పాల లెక్కలు స్వయంగా రాసుకునే ఒక పెద్దావిడ. ఇంటివారు ఆమె మరపును 'వయసు' అని సరిపెట్టుకున్నారు. నేను అడిగి పాత పద్దుల పుస్తకాలు తెప్పించాను. రెండేళ్ల క్రితం పుటలో ప్రతి గుడీ, దీర్ఘమూ, వత్తూ సరిగా ఉన్నాయి. తరువాతి పుటలలో వత్తులు జారిపోయాయి, ఒకే పేరు రెండు విధాలుగా వచ్చింది, కూడికలు తప్పాయి. ఆమె రాతకు ఆమె పాత రాతే సాక్ష్యం చెప్పింది. ఇంకొంచెం ముందు తీసుకువచ్చి ఉంటే ఆస్తి కాగితాలు, చికిత్స విషయాలు ఆమె తన ఇష్టప్రకారం తానే నిర్ణయించుకోగలిగేది. ఆ అవకాశం చేజారింది.

కనుక మీకు నా మనవి. ఇంట్లో పెద్దల పాత ఉత్తరాలు, పద్దుల పుస్తకాలు పారవేయకండి. రాతలో నెలల తరబడి మార్పు కనిపిస్తే, రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. అల్జైమర్ అని ముందే బెంగపడవద్దు. కంటి శుక్లం, థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ కొరత, మనోవ్యాకులత, కొన్ని నిద్రమందులు కూడా రాతను చెడగొట్టగలవు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. అక్షరాలు వరుసగా చిన్నవైపోతుంటే పార్కిన్సన్ వ్యాధి ఉందేమో పరీక్షించాలి. నిన్నటి వరకు చక్కగా రాసినవారు నేడు హఠాత్తుగా రాయలేకపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి.

ఆనాటి కార్డును యువకునికి తిరిగి ఇస్తూ, "మీ తాతగారి తెలుగు నిక్షేపంగా ఉంది. ఆయన దగ్గర కూర్చుని నేర్చుకో బాబూ" అన్నాను. పెద్దాయన నవ్వారు. ఆ తరువాత కూడా నాకు కార్డులు రాస్తుండేవారు. చివరి కార్డులోనూ అరసున్న చెక్కుచెదరలేదు.