ఖమ్మంలో ఆ పిల్లను చూశారు

ఖమ్మం. 2019. రాష్ట్ర స్థాయి అథ్లెటిక్స్ పోటీలు.

ట్రాక్ పక్కన నిలబడ్డ మనిషి పేరు నాగపురి రమేశ్. స్పోర్ట్స్ అథారిటీ కోచ్. ద్రోణాచార్య అవార్డు గ్రహీత. స్ప్రింటర్ ద్యుతీచంద్‌ను తీర్చిదిద్దిన గురువు. ఇలాంటి మీట్లు ఆయనకు కొత్తకాదు. విజిల్ మోగుతుంది, మైకులో పేర్లు పిలుస్తారు, జిల్లాల నుంచి బస్సులెక్కి వచ్చిన పిల్లలు చెస్ట్ నంబర్లు తగిలించుకుని గీత మీదికొస్తారు, పరుగెత్తుతారు, పోతారు, మళ్లీ ఇంకో వరస వస్తుంది, ఆయన చూపు మాత్రం ఆ కాళ్లన్నిటి మధ్యా ఎక్కడో ఉన్న ఒక్క జత కాళ్ల కోసం వెతుకుతూనే ఉంటుంది. దొరకని రోజులే ఎక్కువ.

ఆ రోజు దొరికింది.

ఎవరీ పిల్ల? ఏ ఊరు? జవాబొచ్చింది. జీవంజి దీప్తి. వరంగల్ జిల్లా, పర్వతగిరి మండలం, కల్లెడ. ఆ జవాబు వెనకాలే ఇంకో మాట కూడా వచ్చింది. పిల్ల మనసు ఎదుగుదల మిగతావాళ్లలా లేదు. ఆ మాట చెవినపడితే ఎన్నో తలుపులు అక్కడికక్కడే మూసుకుంటాయి. రమేశ్ ఆగలేదు. తల్లిదండ్రులకు కబురంపారు: పిల్లను హైదరాబాద్ పంపండి.

కల్లెడలో ఆ ఇల్లు ఉలిక్కిపడింది. వాళ్లకు పరుగంటే భయం లేదు. జనమంటేనే భయం.

2003 సెప్టెంబర్ 27న పుట్టింది పాప. తల చిన్నది. పెదవి, ముక్కు ఒక తీరుగా లేవు. గ్రహణం పూట పుట్టిందని తల్లి చెబుతుంది. చూడ్డానికొచ్చినవాళ్లు చూసి ఊరుకోలేదు. పిచ్చిదన్నారు. కోతి అన్నారు. చుట్టాల్లోనే కొందరు ఇంకాస్త ముందుకెళ్లి, అనాథాశ్రమంలో వదిలేయండని సలహా ఇచ్చారు.

వదల్లేదు. తండ్రిది కూలి బతుకు, రోజుకు వందో నూటయాభయ్యో. తల్లీ పనికి పోయేది. తాత పోయాక ఉన్న కాస్త పొలమూ అమ్ముకోవాల్సి వచ్చింది. వీధిలో ఎవరో ఏదో అంటారు, పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికొస్తుంది, పొద్దంతా ఎండలో ఒళ్లు హూనమైన తల్లి ఒక్కమాట మాట్లాడకుండా పొయ్యి ముట్టించి తియ్యటి అన్నం వండుతుంది, చేతిలో నాలుగు డబ్బులున్న రోజైతే కోడికూర వండుతుంది, పిల్ల తింటుంది, నవ్వుతుంది. ఆ ఇంట్లో ఓదార్పు అంటే అదే. మర్నాడు మళ్లీ వీధి ఉంటుంది. మళ్లీ బడి ఉంటుంది.

ఆ బడిలోనే మొదటి మలుపు.

కల్లెడలో రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ నడిపే బడి అది. ఆటలంటే లెక్కలేని బడి కాదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో విల్లు పట్టిన వర్ధినేని ప్రణీత అక్కడి విద్యార్థే. అక్కడ పీఈటీ వెంకటేశ్వర్లు సార్ ఒకరోజు దీప్తి పరుగెత్తడం చూశారు. తరగతి గదిలో ఆ పిల్లకు ఏది రాదో చెప్పగలిగినవాళ్లు చాలామందే ఉండి ఉంటారు. ఏది వచ్చో చూసింది ఆయన. ఊరంతా ఎగతాళి చేసిన పిల్లను మామూలు పిల్లలతో పాటే గీత మీద నిలబెట్టారు. అక్కణ్నుంచి సాగిన దారే ఖమ్మం దాకా తెచ్చింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అలాంటి సార్ దొరకని పిల్లల సంగతేంటి? ఖమ్మం మైదానం నుంచి రోడ్డు కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వైపు పోతుంది. టేకు చెట్లు మొదలవుతాయి. కిన్నెరసాని దాటితే ఊళ్ల మధ్య దూరం పెరుగుతుంది. గోదావరి దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తే రోడ్డు వదిలి బాట పట్టాలి. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు పక్కనే. అక్కడి కోయ గూడేల్లోనూ బళ్లున్నాయి. ఒకటో తరగతిలో ఒక పిల్ల కూర్చుని ఉంటుంది. పంతులు అడుగుతాడు. పిల్ల పలకదు.

ఎందుకు పలకదు?

ఇంట్లో ఆ పిల్ల మాట్లాడేది కోయ. బళ్లో పుస్తకం తెలుగు. అర్థంకాక పలకదా? చెవి వినపడక పలకదా? బోర్డు కనపడకా? మనసు ఎదుగుదల నెమ్మది కాబట్టా? నాలుగు కారణాలకూ బయటికి కనపడేది ఒకటే, మౌనం. ఒకే పంతులు రెండుమూడు తరగతులను ఒక్కచోట కూర్చోబెట్టి చెప్పే బళ్లో ఆ మౌనాన్ని విప్పి చూసే తీరికెక్కడిది? మంచిపిల్ల, గొడవ చేయదు అనుకుంటారు. చిన్న తరగతుల్లో ఎవరినీ ఫెయిల్ చేయకూడదన్నది విద్యాహక్కు చట్టం తెచ్చిన నియమం. మంచి నియమమే. కానీ ఎవరూ పట్టించుకోని పిల్ల ఆ నియమం మీదే తరగతులు దాటిపోతుంది. ఒకటి, రెండు, మూడు. అడిగేవాళ్లు లేరు.

మరో పిల్లాడు. ముసురు పట్టిన రోజు కీళ్లు పట్టేస్తాయి. లేవలేడు. మర్నాడూ రాడు. రిజిస్టర్‌లో ఆబ్సెంట్. బద్ధకస్తుడని పేరు. వాడి నెత్తుట్లో ఉన్నది సికిల్ సెల్. గిరిజన గూడేలను తరతరాలుగా పీడిస్తున్న జబ్బు. 1995 నాటి పాత చట్టంలో వైకల్యాలు 7. 2016 చట్టం వాటిని 21 చేసింది, సికిల్ సెల్ కూడా అందులో చేరింది. అంటే ఆ పిల్లాడు ఇప్పుడు చట్టం ప్రకారమే ప్రత్యేక అవసరాలున్న పిల్లాడు. వాడికి కావాల్సింది పెద్ద యంత్రాలేం కాదు. అడిగినప్పుడల్లా మంచినీళ్లు. చలికి వణకని, వానకు తడవని చోటు. బడికి రాని రోజుల పాఠం మళ్లీ చెప్పే మనిషి.

ఆ మనిషి కోసం ఏర్పాటు లేకపోలేదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. ఐఈఆర్పీలని పిలిచే స్పెషల్ టీచర్లున్నారు. ఫిజియోథెరపీ ఉంది. బడికి రాలేని పిల్లల ఇంటికే వెళ్లి చదువు చెప్పే పద్ధతి ఉంది. రవాణా భత్యం, వెంట వచ్చే మనిషికి భత్యం, ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల స్టైపెండ్ కూడా ఉన్నాయి. కాగితం మీద అన్నీ ఉన్నాయి. కానీ భవిత కేంద్రం గూడెం పక్కన ఉండదు. నడవలేని పిల్లను భుజాన వేసుకుని, కూలి మానుకుని, ఆటో ఎక్కి, తల్లి అక్కడికి చేరాలి. వాన పడి వాగు పొంగితే ఆ వారం థెరపీ లేదు. వైకల్య సర్టిఫికెట్ కావాలంటే ఇంకా దూరం, డాక్టర్లుండే క్యాంపు దాకా పోవాలి. ప్రాథమిక బడిలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలన్నది 2021 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత నిలిచిన లెక్క. ఆ లెక్క గూడెం గడప దాకా చేరకపోతే పిల్లకు దిక్కెవరు? ఆ పూటకు ఆ బళ్లో ఉన్న పంతులే. ఆయన కళ్లే.

కల్లెడ పిల్లకు అలాంటి కళ్లు దొరికాయి. ఇప్పుడు ఆమె హైదరాబాద్ బస్సెక్కాలి.

ఛార్జీలకే కటకట. కోచ్ పూనుకున్నారు. పిల్ల వచ్చింది. నగరం కొత్త, హాస్టల్ కొత్త, మనుషులు కొత్త. తర్ఫీదు మొదలైంది. బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ ఆమెను చూశారు. ఆయన నోట వచ్చిన సూచనతో కథ ఇంకో దారి పట్టింది. సికింద్రాబాద్ తీసుకెళ్లి పరీక్ష చేయించండి.

మనోవికాస్ నగర్. 1984లో పెట్టిన జాతీయ సంస్థ. మానసిక ఎదుగుదల లోపాలున్న పిల్లల కోసం దేశం మొత్తానికీ పెద్ద దిక్కు. అక్కడి పరీక్షలో స్టాప్‌వాచ్ పందెం ఉండదు. బొమ్మలు, ఆకారాలు, ప్రశ్నలు. డబ్బు లెక్కపెట్టగలదా, ఒంటరిగా బస్సెక్కగలదా, చెప్పిన మూడు పనులు వరసగా గుర్తుపెట్టుకోగలదా అని ఓపిగ్గా అడిగి, పక్కనున్నవాళ్లనూ అడిగి, తేలుస్తారు. తేలింది. మేధో వైకల్యం. పుట్టిననాటి నుంచీ ఊరు ఎగతాళిగా విసిరిన దానికి ఇన్నేళ్లకు డాక్టర్ల భాషలో ఒక పేరొచ్చింది.

అదే పరీక్ష అయిదారేళ్ల వయసులో, ఊరి బడి నుంచే జరిగి ఉంటే? పలకా బలపం పట్టిన రోజుల్లోనే ఆమెకు తగిన పాఠం, తగిన టీచర్, 18 ఏళ్లదాకా ఉచిత చదువు హక్కుగా దక్కేవి. ప్రాథమిక బడి ఎప్పుడో దాటిపోయింది. కాగితం ఇప్పుడొచ్చింది.

ఆలస్యంగానైనా ఆ కాగితం ఒక తలుపు తెరిచింది. పారా అథ్లెటిక్స్. మేధో వైకల్యమున్న క్రీడాకారుల టీ20 విభాగం.

ఈ విభాగానికి ఒక చేదు గతముంది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు బంగారం గెలిచింది. పన్నెండు మందిలో పదిమందికి అసలు వైకల్యమే లేదని తర్వాత బయటపడింది. ఆ మోసానికి శిక్ష పడింది మాత్రం నిజంగా వైకల్యమున్న క్రీడాకారులకు. వాళ్ల పోటీలన్నీ ఎత్తేశారు. 2012 లండన్ దాకా మళ్లీ తలుపు తీయలేదు. అందుకే ఇప్పుడు రుజువులు గట్టిగా అడుగుతారు. ఐక్యూ 75కు మించకూడదు. రోజువారీ పనుల్లో ఇబ్బంది ఉన్నట్టు తేలాలి. చిన్నప్పటి నుంచే ఉన్నట్టు తేలాలి. దీప్తి ఆ మెట్లన్నీ ఎక్కింది.

2023 అక్టోబర్. హాంగ్‌ఝౌ. ఆసియా పారా క్రీడలు. 400 మీటర్లు, 56.69 సెకన్లు. బంగారం.

2024 మే 20. జపాన్, కోబె. ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్. అప్పటికి ప్రపంచ రికార్డు అమెరికా అమ్మాయి బ్రియానా క్లార్క్‌ది, 55.12. దీప్తి గీత దాటింది. బోర్డు మీద అంకెలు ఆగాయి. 55.07. సెకనులో వందో వంతులు అయిదు, అంతే తేడా. కల్లెడ కూలీల బిడ్డ ప్రపంచంలోనే అందరికన్నా ముందుంది.

మిగిలింది పారిస్.

2024 సెప్టెంబర్ 3. మన దగ్గర రాత్రి. స్టేడ్ ద ఫ్రాన్స్‌లో ఊదారంగు ట్రాక్. ముందురోజు హీట్స్‌లోనే టర్కీ అమ్మాయి ఐసెల్ ఓండర్ 54.96తో దీప్తి రికార్డును చెరిపేసింది. ఉక్రెయిన్ అమ్మాయి యూలియా షులియార్ ఉంది. నాలుగు వందల మీటర్లంటే మొండి పరుగు. మొదటి వంద మీటర్లు ఊపు మీద పోతాయి, రెండో వంద లెక్క మీద పోతుంది, మూడో వందలో తొడలు బరువెక్కి ఊపిరి కుత్తుకలో అడ్డం పడుతుంది, ఆఖరి వందలో బుర్ర ఇంకేం చెప్పదు, వేలసార్లు చేయించిన సాధనే కాళ్లను ఈడ్చుకెళ్తుంది. ఎప్పుడు దాచుకోవాలో, ఎప్పుడు తెగించాలో ట్రాక్ మీద అప్పటికప్పుడు తేల్చుకోవడం ఎవరికైనా కష్టమే. టీ20లో పరుగెత్తే ప్రతి అమ్మాయికీ అది రెట్టింపు కష్టం. అందుకే వాళ్ల కోచ్‌లు ఒకే పాఠాన్ని విసుగు లేకుండా మళ్లీ మళ్లీ చెబుతారు.

గీత దగ్గరపడింది. షులియార్ ముందు. ఓండర్ వెనకే. దీప్తి వదలడం లేదు.

55.16. షులియార్. 55.23. ఓండర్. మూడో అంకె వెలిగింది.

55.82. జీవంజి దీప్తి. కాంస్యం.

మేధో వైకల్యంతో పారాలింపిక్స్ పతకం తెచ్చిన తొలి భారతీయ అథ్లెట్.

ఆమె తిరిగొచ్చాక రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. కోచ్ రమేశ్‌కు 10 లక్షలు. ఆ మరుసటేడు జనవరిలో రాష్ట్రపతి చేతుల మీదుగా అర్జున అవార్డు అందింది. తాత పోయాక అమ్ముకున్న కల్లెడ పొలాన్ని మాత్రం ఆ ఇల్లు పారిస్ దాకా ఆగకుండా, హాంగ్‌ఝౌ బంగారానికి వచ్చిన డబ్బుతోనే తిరిగి కొనుక్కుంది.