బుక్కల్ ఫిల్మ్

బుగ్గ లోపలి తడి పొరకు అంటించే పలుచని మందు పొర. నీటిలో కరిగే పాలిమర్లలో మందును కలిపి దీన్ని తయారుచేస్తారు. మింగిన మాత్రలో కొంత భాగాన్ని కాలేయం ముందే విరిచేస్తుంది. బుగ్గలోని సన్నని రక్తనాళాల దారిలో ఆ నష్టం చాలావరకు తప్పుతుంది. మింగలేని రోగులకు ఇది నిజంగా పెద్ద ఊరట. పొర చిన్నది కనుక తక్కువ మోతాదులో పనిచేసే మందులకే సరిపోతుంది. లాలాజలంతో గొంతు దిగిన భాగం మాత్ర దారినే పోతుంది.

కేన్సర్ రోగుల్లో హఠాత్తుగా ఎగసే నొప్పికి ఫెంటనిల్ పొర ‘ఆన్సోలిస్’ను అమెరికా 2009లో, తీవ్రమైన దీర్ఘకాలిక నొప్పికి బ్యూప్రెనార్ఫిన్ పొర ‘బెల్బ్యూకా’ను 2015లో అనుమతించింది. నోట్లో కరిగే బ్యూప్రెనార్ఫిన్‌తో పళ్లు పుచ్చిపోవచ్చని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2022లో హెచ్చరించింది. పొర పూర్తిగా కరిగాక నీళ్లు పుక్కిటపట్టి మింగాలి. కనీసం గంట ఆగాకే పళ్లు తోముకోవాలి.