కత్తి నడిచిన దారిలో కణితి

1874లో వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ పొత్తికడుపు కోసి, మూత్రాశయంలోని కణితిని బయటికి తీశాడు. కొన్ని దశాబ్దాల పాటు సర్జన్లు ఎక్కువగా నమ్ముకున్నది ఆ దారినే. చిక్కల్లా ఆ తర్వాతే వచ్చేది. కోత మానేది గానీ, కొందరికి ఆ మచ్చలోనే కొత్త గడ్డ లేచేది. మూత్రాశయపు కణితి నుంచి రాలిన కణాలు మూత్రంలో తేలుతూ ఉంటాయి. పచ్చిపుండు దొరికితే, దున్నిన చాలులో పడ్డ గింజల్లా అక్కడే మొలకెత్తగలవు.

అసలు కోతే లేకపోతే?

మాక్స్ నిట్జె 1879లో, పరికరాలు చేసే జోసెఫ్ లైటర్ సాయంతో, మూత్రనాళం గుండా లోపలికి చూసే సిస్టోస్కోప్‌ను వియన్నా వైద్యులకు చూపించాడు. దాని కొసన ప్లాటినం తీగ ఎర్రగా కాలుతూ వెలుగిచ్చేది. ఆ వేడి తగలకుండా చుట్టూ నీళ్లు పారించాల్సి వచ్చేది. రోగి ఓపికకు దండం పెట్టాలి! 1910లో న్యూయార్క్ సర్జన్ ఎడ్విన్ బీర్ అదే దారిలో హైఫ్రీక్వెన్సీ కరెంటు పంపి కణితులను మాడ్చేశాడు. పొట్ట కోయకుండానే పని జరిగిపోయింది.

అయినా కోత పూర్తిగా పోలేదు. రాటర్‌డామ్‌లో మూత్రాశయం తెరిచి రేడియం సూదులు గుచ్చే రోజుల్లో, వాన్ డెర్ వెర్ఫ్-మెసింగ్ అనే రేడియేషన్ వైద్యురాలు ఆపరేషన్‌కు ముందే కొద్దిపాటి రేడియేషన్ ఇచ్చేది. అలా చేస్తే మచ్చలో గడ్డలు బాగా తగ్గాయని 1960ల చివర్లో చూపించింది. కణాలు కత్తి వెంట నడుస్తాయన్న అనుమానానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకడం కష్టం.

ఇప్పుడు కణితిని లోపలి నుంచే, కరెంటు పారే తీగ ఉంగరంతో చెక్కి తీస్తున్నారు. దీనికీ ఒక గండం ఉంది. మూత్రాశయం పక్కగోడ దగ్గరగా ఆబ్ట్యురేటర్ నరం పోతుంది. కరెంటు దానికి సోకితే రోగి కాలు ఒక్కసారిగా ఎగిరిపడుతుంది, ఉంగరం గోడను చీల్చేస్తుంది. అరుదుగానే అయినా, ఆ చిల్లు గుండా జారిన కణాలు కటి భాగంలోనో పొట్ట పొరల్లోనో నాటుకున్న కేసులున్నాయి. అందుకే ఆ నరానికి ముందే మత్తు సూది వేస్తారు, లేదా కండరాలు బిగుసుకోకుండా మందిస్తారు.

తేలే కణాలను చంపడానికి, చెక్కిన కొద్ది గంటల్లోనే మైటోమైసిన్ లాంటి మందును మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. 1,476 మంది రోగుల వివరాలను కలిపి 2004లో లెక్కగడితే, మందు పడనివారిలో నూటికి 48 మందికి జబ్బు తిరగబెట్టింది, ఒక్క మోతాదు పడినవారిలో 37 మందికే. గోడకు చిల్లు పడితే మాత్రం ఈ మందు ఎక్కించకూడదు. బయటికి కారి చుట్టుపక్కల కండను కాల్చేస్తుంది. కణాలు బయటపడ్డ రోగికే ఈ రక్షణ అందదన్నమాట. చిన్న చిల్లయితే క్యాథెటర్ కొన్నాళ్లు ఉంచి మాననిస్తారు, పెద్దదై పొట్టలోకి తెరుచుకుంటే కోసి కుట్టాల్సిందే.