సున్న సత్యమా, అసత్యమా?

తర్కమును గణితముగా మార్చిన జార్జి బూల్ ఒక చెప్పులు కుట్టువాని కుమారుడు. ఇంగ్లండులోని లింకన్ పట్టణమున జన్మించి, కళాశాల చదువు లేకయే 1849లో ఐర్లండునందలి కార్క్ నగరమున గణితాచార్యుడయ్యెను. ఆయన అర్ధాంగి మేరీ, మన దేశమున సర్వేయరు జనరలుగా పనిచేసిన ఎవరెస్టు దొరకు సోదరుని కుమార్తె. 1847లో వెలువడిన బూల్ గ్రంథమున సత్యమునకు 1, అసత్యమునకు 0 గుర్తులు. 1937లో అమెరికాలో క్లాడ్ షానన్ ఈ గణితమును విద్యుత్ స్విచ్చులకు అన్వయించెను. కంప్యూటరుకు అది పునాదులలో నొకటి.

1987 డిసెంబరులో లారీ వాల్ పెర్ల్ అను కంప్యూటరు భాషను లోకమునకు విడిచెను. ఆయన భాషాశాస్త్రము చదివినవాడు. అందువలననే కాబోలు, ఆ భాషలో సత్యాసత్యములకు ప్రత్యేకమైన జాతి యేర్పరచలేదు. మాటలలో వలె సందర్భమే అర్థమును నిర్ణయించును. విలువయే లేని స్థితి, 0 అను సంఖ్య, ఒక్క అక్షరమైనను లేని శూన్యపదము, '0' అని వ్రాసిన పదము: ఏక విలువలలో ఇవి అసత్యములు. తక్కినవన్నియు సత్యములే.

పదముగా వ్రాసిన సున్న అసత్యమగుట యేల? పెర్ల్ నందు సంఖ్య పదముగను, పదము సంఖ్యగను అడుగకయే మారుచుండును. ఫైలునుండి చదివిన సున్న పదరూపమున వచ్చును. లెక్కించిన సున్న సంఖ్యారూపమున నుండును. ఒకటి సత్యము, మరియొకటి అసత్యమైనచో ప్రోగ్రాము వ్రాయువాడు ప్రతి సున్నకు పుట్టుపూర్వోత్తరములు విచారింపవలసి వచ్చును.

అయినను ఈ సౌకర్యమునకు మూల్యము కలదు. వర్షమాపకపు లెక్కలను తీసికొందము. ఒకనాడు వాన కురియలేదు: 0. మరియొకనాడు కొలతయే తీయలేదు. 'విలువ సత్యమా?' అని మాత్రమే పరీక్షించు ప్రోగ్రాము రెండు దినములను ఒకే రీతిని త్రోసివేయును. వాన లేని దినములు లెక్కనుండి జారిపోగా సగటు పెరుగును; కరవుసీమ కాగితముపై పచ్చబడును! అట్టిచోట అడుగవలసినది వేరు: 'విలువ అసలు ఉన్నదా?' అని. దానికై పెర్ల్ నందు 'డిఫైన్డ్' అను పరీక్ష కలదు.

చిత్రములింకను కలవు. '0.0' అను పదము, '00' అను పదము రెండును సత్యములే. సంఖ్యగా మార్చినంతనే అసత్యములగును. పనిని జయప్రదముగా ముగించి, ఫలితముగా సున్ననే తెలుపవలసిన ఘట్టములకై '0 బట్ ట్రూ' అను పదము వాడుకలోనికి వచ్చెను. సున్నయే కాని సత్యము! పదము సత్యము, సంఖ్యగా దాని విలువ సున్న. అక్షరములు గల పదమును సంఖ్యగా వాడినపుడు వచ్చు హెచ్చరిక ఈ యొక్క పదమునకు రాకుండ భాషయే మినహాయించినది. మాకిది ముచ్చటగనే తోచినది, కాని కొత్తవాని కెంత కలవరము!

2022లో వెలువడిన 5.36 కూర్పున 'ట్రూ', 'ఫాల్స్' అను పేర్లు ప్రయోగాత్మకముగా చేరినవి. 2024 నాటి 5.40లో వాటి ప్రయోగదశ ముగిసినది. పదముగా వ్రాసిన సున్న మాత్రము నేటికిని అసత్యమే.