పదివేల చుక్కలకో రబ్బరు బ్యాండు

చెక్క మీద కొన్ని మేకులు కొట్టి, అన్నిటినీ చుట్టేలా ఓ రబ్బరు బ్యాండు తగిలించండి. అది ఏయే మేకుల్ని తాకుతుందో చిన్నపిల్లాడు కూడా చూసి చెప్పేస్తాడు. ఆ చుట్టుగీతే కాన్వెక్స్ హల్. మన కంప్యూటరుకి కళ్ళు లేవు కదా, దాని దగ్గరున్నవి ఎక్స్, వై అంకెలే.

1960ల చివర్లో బెల్ ల్యాబ్స్ వాళ్ళకి సరిగ్గా ఇదే అవసరం పడింది. చుక్కలు సుమారు 10,000. అప్పట్లో వాడుతున్న పద్ధతికి చుక్కల సంఖ్య వర్గమంత పని, అంటే 10 కోట్ల అడుగులు. ఆనాటి మెషీన్లకి అది మోయలేని బరువు. అక్కడే పనిచేసే రొనాల్డ్ గ్రాహం 1972లో రెండే రెండు పేజీల పేపర్లో దారి చూపించాడు. ముందు చుక్కల్ని కోణాల వారీగా సార్ట్ చెయ్యాలి. తర్వాత వరసగా నడుస్తూ, గీత లోపలికి వంగిన చోటల్లా ఆ చుక్కని తీసెయ్యాలి. అంతే! పని ఎన్ లాగ్ ఎన్‌కి దిగింది. స్థిరాంకాల్ని పక్కన పెడితే, 10 కోట్లు కాస్తా లక్షన్నర లోపుకి వచ్చేశాయన్నమాట.

ఇందులో యూక్లిడ్‌ని తికమక పెట్టే జామెట్రీ ఏమీ లేదు. "ఎన్ని అడుగుల్లో తేలుతుంది?" అన్న ప్రశ్న మాత్రం కొత్తది. మైకేల్ షామోస్ ఈ ప్రశ్నని గట్టిగా పట్టుకున్నాడు. 1975లో డాన్ హోయ్‌తో కలిసి, వొరొనోయ్ 1908 నాటి గణితాన్ని దుమ్ము దులిపి, దగ్గరి చుక్కల్ని వేగంగా వెతికే పనికి పెట్టాడు. 1978లో యేల్‌లో ఇచ్చిన థీసిస్ పేరే 'కంప్యూటేషనల్ జామెట్రీ'. 1985లో ప్రెపరాటాతో కలిసి రాసిన టెక్స్ట్‌బుక్ వచ్చింది, అదే ఏడు బాల్టిమోర్‌లో ఈ సబ్జెక్టుకి తొలి సింపోజియం జరిగింది.

అన్నట్టు, గ్రాహం కంటే వేగంగా కుదరదా? అంకెల్ని పారబోలా మీద పెట్టి చూడండి, ఒక్కో అంకెకీ దాని వర్గమే ఎత్తు. వాటికి హల్ కడితే అంకెలు సార్ట్ అయి బయటికొస్తాయి. కాబట్టి చుట్టుగీతని వరసలో ఇచ్చే ఏ పద్ధతైనా, ఎలాంటి చుక్కలొచ్చినా సార్టింగ్‌ని మించి పరిగెత్తుతానని హామీ ఇవ్వలేదు. నాకు బాగా నచ్చిన ముక్క ఇదే.

ఇవాళ మనం లైబ్రరీలో ఒక ఫంక్షన్‌ని పిలుస్తాం, స్లో అయితే సర్వర్ పెంచమంటాం. వర్గ పద్ధతిలో చుక్కలు 10 రెట్లయితే పని 100 రెట్లు. ఎన్ని సర్వర్లని పెంచుతాం చెప్పండి?