గంజాయి: పండేది కొండ మీద, కేసు పడేది మన ఇంటి మీద

గంజాయి అనగానే చాలామందికి చింతపల్లి కొండలో, మల్కన్‌గిరి అడవులో గుర్తొస్తాయి. మనకు సంబంధం లేదనుకుంటాం. కానీ పంట పండే కొండల పక్కనే జయపురం, కోరాపుట్, రాయగడలలో మనవాళ్లు తరాలుగా ఉన్నారు. సరుకు చేరే చెన్నై, బెంగళూరు, ముంబై నగరాల్లోనూ ఉన్నారు. కనుక ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో, చట్టం ఏమంటుందో మన ఇళ్లలో తెలిసి ఉండడం అవసరం.

ఎక్కడ, ఎందుకు పండుతోంది

ఆంధ్ర వైపు అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి, గూడెం కొత్తవీధి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాలు, ఒడిశా వైపు మల్కన్‌గిరి, కోరాపుట్ జిల్లాలు ఈ సాగుకు పేరుపడ్డాయి. 'శీలావతి' రకం ఇక్కడిదే.

కారణం రైతు దురాశ ఒక్కటే కాదు. బలిమెల జలాశయం వెనక చిక్కుకున్న చిత్రకొండ పల్లెలకు 2018లో గురుప్రియ వంతెన వచ్చేదాకా పడవే దారి. పసుపు పండిస్తే సంతకు మోసుకెళ్లాలి. కాఫీ వేస్తే తొలి కాపుకు మూడు నాలుగేళ్లు ఆగాలి. గంజాయి ఆరు నెలల్లో చేతికొస్తుంది, కొనేవాడే విత్తనంతో, అడ్వాన్సుతో గుమ్మం దగ్గరికి వస్తాడు. ఆ అడ్వాన్సే తర్వాత మెడకు ఉరి.

లాభం ఎవరిది

సరుకు చేతులు మారిన ప్రతిసారీ ధర పెరుగుతుంది. పెరిగినదంతా మధ్యవాళ్లది. పండించినవాడికి దక్కేది తక్కువ, మోసిన కుర్రాడికి దక్కేది ఒక ట్రిప్పు కూలి. పట్టుబడేది మాత్రం ఎక్కువగా వీళ్లే. విశాఖ కేంద్ర కారాగారంలో పెద్ద భాగం గంజాయి కేసులవాళ్లే.

2021 చివర ఆంధ్ర పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో వేల ఎకరాల్లో తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. 2024 నవంబరులో 'ఈగల్' అనే ప్రత్యేక విభాగం పెట్టారు. తోట నరికినంత మాత్రాన పని అయిపోదు. ఆ నేలలో కాఫీ, మిరియాలు, పసుపు నిలబడి, వాటికి గిట్టుబాటు దొరికితేనే రైతు మళ్లీ అటు చూడడు.

చట్టం ఏమంటుంది

మద్యానికి రాష్ట్రానికో పద్ధతి ఉంది. యానాంలో ఒకటి, పక్కనే కాకినాడలో ఇంకొకటి. గంజాయికి అలా కాదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కేంద్ర చట్టం, దేశమంతటా ఒకటే.

• 1 కిలో వరకు: ఏడాది దాకా కఠిన జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ.
• 1 కిలో దాటి 20 కిలోల లోపు: 10 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.
• 20 కిలోలు దాటితే: 10 నుంచి 20 ఏళ్ల జైలు, లక్ష నుంచి 2 లక్షల జరిమానా. బెయిలు దొరకడం చాలా కష్టం.
• మొక్క పెంచితే: 10 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు దుకాణాలు ఉన్నాయని మన పిల్లలు వాదిస్తారు. ఉన్నమాట నిజమే. ఆ వాదన ఇక్కడి కోర్టులో పనికిరాదు.

మన కుటుంబాలు జాగ్రత్తపడవలసిన చోట్లు

పొలం: కౌలుకిచ్చి వేరే ఊళ్లో ఉండేవారు ఏడాదికి ఒకటి రెండుసార్లయినా వెళ్లి చూసుకోవాలి. తన భూమిలో గంజాయి వేశారని తెలిస్తే వెంటనే అధికారులకు చెప్పడం భూమి ఉన్నవారి బాధ్యత. తెలిసీ ఊరుకుంటే అదీ నేరమే.

ఇల్లు, గోడౌను: తెలిసి వాడుకోనిస్తే యజమానికీ శిక్ష ఉంటుంది. అద్దెకిచ్చేటప్పుడు రాతపూర్వక ఒప్పందం, గుర్తింపు కార్డు నకలు తీసుకోండి. మనవాడేగా, తెలుగువాడేగా అని కాగితం మానేయవద్దు.

బండి: లారీ, కారు, ఆటో ఏదైనా జప్తు అవుతుంది. 'నాకు తెలియదు' అంటే సరిపోదు. డ్రైవరుకూ తెలియదనీ, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామనీ యజమానే రుజువు చేసుకోవాలి. ఫైనాన్సు వాయిదాలు ఆలోగా ఆగవు.

పిల్లలు: 'ఈ బ్యాగు ఫలానా స్టేషనులో అందజేస్తే చాలు' అన్న మాటకు ఒప్పుకోవద్దని చెప్పండి. బ్యాగులో ఏముందో తెలియదని రుజువు చేసుకునే భారం మోసినవాడిదే.

చిక్కుకుంటే ఏం చేయాలి

వేరే రాష్ట్రంలో అరెస్టయితే భాష తెలియక సగం నష్టం జరుగుతుంది. చదవలేని కాగితం మీద సంతకం అడిగితే, అందులో ఏముందో చెప్పమని అడగాలి. ఒంటి మీద సోదా చేసేముందు గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట చేయమని కోరే హక్కు ఉంది. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది: 15100.

అలవాటుపడిన పిల్లవాడిని దాచవద్దు. కొద్ది పరిమాణం కేసులో ఉన్నవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు వెళ్లి పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంది. చికిత్స సలహాకు 14446. సమాచారం ఇవ్వడానికి దేశమంతటా 1933, ఆంధ్రలో 1972.

పరువు పోతుందని దాచిన ఇంట్లోనే చివరికి పరువుతోపాటు పొలమూ, బండీ కూడా పోతున్నాయి. ఈ నంబర్లు ఇంట్లో అందరికీ కనిపించేచోట రాసి పెట్టుకోండి.